నాలుగు జబ్బులు, పన్నెండు రకాల మాత్రలు: అన్నిటినీ కలిపి చూసేదెవరు?

(పాఠకుల ఆరోగ్య సందేహాలకు జనరల్ మెడిసిన్ వైద్యుల సమాధానాలు)

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారాలు. నాకు 56 ఏళ్ళు. మాది శ్రీకాకుళం జిల్లాలో కంచిలి మండలం. పన్నెండేళ్ళుగా షుగరు, ఎనిమిదేళ్ళుగా బీపీ, ఆరేళ్ళుగా థైరాయిడ్ ఉన్నాయి. మోకాళ్ళు అరిగాయని అయిదేళ్ళ కిందట చెప్పారు. షుగరుకు, థైరాయిడ్‌కు ఒక డాక్టరు గారు, బీపీకి గుండె డాక్టరు గారు, మోకాళ్ళకు ఎముకల డాక్టరు గారు, కాళ్ళ మంటలకు నరాల డాక్టరు గారు, ఇలా నలుగురి దగ్గరికీ తిరుగుతున్నాను. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 2, టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, ఏడాదిన్నరగా ఆమ్లోడిపిన్ 10, థైరాక్సిన్ 125, అటార్వాస్టాటిన్ 10, అయిదేళ్ళుగా దాదాపు రోజూ ఎసిక్లోఫెనాక్, దానికి తోడు గ్యాస్‌కు పాంటాప్రజోల్, కాల్షియం, ఐరన్, ఏడాదిగా కాళ్ళ వాపుకు ఫ్యూరోసెమైడ్, ఆరు నెలలుగా మంటలకు ప్రిగాబలిన్, మొత్తం పన్నెండు రకాలు వేసుకుంటున్నాను. తెల్లవారగానే థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర కలిపి మింగి టీ తాగుతాను. టిఫిను అయ్యాక తక్కినవాటిలో చాలావరకు ఒకేసారి వేసుకుంటాను. అయినా నీరసం తగ్గడం లేదు. అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు, మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరగడం, కొన్ని సాయంత్రాలు చెమట పట్టి వణుకు రావడం ఉన్నాయి. మొన్నటి పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.4, మూడు నెలల సగటు షుగరు 7.1, టీఎస్‌హెచ్ 9.8, క్రియాటినిన్ 1.3 వచ్చాయి. థైరాయిడ్ మాత్ర మోతాదు మూడుసార్లు పెంచారు. క్రియాటినిన్ కొంచెమే ఎక్కువ, ఫర్వాలేదన్నారు. ఎవరికి వారు తమ జబ్బు వరకు ఇబ్బంది లేదంటున్నారు, నాకు మాత్రం ఇంట్లో రెండు బిందెల నీళ్ళు మోసే ఓపిక లేదు. ఇంకా ఏ స్పెషలిస్టును కలవాలి? అసలు నా జబ్బేమిటి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా మీకు ఒక మాట చెప్పాలి. మాత్రల పేర్లు, మోతాదులు, అవి మొదలుపెట్టిన కాలం, వేసుకునే వేళలు ఇంత వివరంగా రాసిన ఉత్తరాలు మాకు చాలా అరుదుగా వస్తాయి. మీ నలుగురు వైద్యులలో ఏ ఒక్కరి దగ్గరా ఈ పూర్తి జాబితా ఉండి ఉండదని నా అనుమానం. వారిలో ఎవరూ తప్పు చేశారని నేను అనడం లేదు. ఎవరి చీటీని వారి వరకే చదివితే ప్రతిదీ సబబుగానే కనిపిస్తుంది. నాలుగు చీటీలనూ పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం వేరే కథ కనిపిస్తుంది. అందువల్ల మీకు కావలసింది అయిదో స్పెషలిస్టు కాదని, ఈ నాలుగు చీటీలనూ కలిపి చదివే ఒక జనరల్ మెడిసిన్ వైద్యుడని నా అభిప్రాయం. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా రోగనిర్ధారణ చేయడం తగదు గనుక, నేను కింద రాసేవన్నీ ఆ వైద్యుడి ముందు ఉంచవలసిన అనుమానాలుగానే తీసుకోండి.

మీ జాబితాను కాలక్రమంలో చదువుకుంటూ వస్తే నా దృష్టి ఎసిక్లోఫెనాక్ దగ్గర ఆగింది. ఈ జాతి నొప్పి మాత్రలు శరీరంలో ఉప్పును, నీటిని నిలవ చేస్తాయి, బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని కూడా కొంత దెబ్బ తీస్తాయి. మోకాళ్ళకు మాత్ర మొదలైన కొన్నేళ్ళకు మీ బీపీ అదుపు తప్పింది, ఆమ్లోడిపిన్ 10 చేర్చారు. ఆమ్లోడిపిన్‌కు, ముఖ్యంగా 10 మిల్లీగ్రాముల మోతాదులో, పాదాల వాపు తెచ్చే గుణం ఉంది. వాపు వచ్చింది, దానిని తగ్గించడానికి నీరు తీసే ఫ్యూరోసెమైడ్ వచ్చింది. నిజానికి ఆమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. సన్నని రక్తనాళాలు వ్యాకోచించి నీరు కణజాలంలోకి ఊరడం వల్ల వచ్చేది కాబట్టి, నీరు తీసే మాత్రకు అది సరిగా లొంగదు. ఆ తరువాత చేరిన ప్రిగాబలిన్ కూడా వాపును, కళ్ళు తిరగడాన్ని తేగలదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బుగా భావించి ఇంకో మందు రాయడం, దాని ఇబ్బందికి మరొకటి రాయడం, ఇలా గొలుసులా సాగడం ఎక్కువ మంది వైద్యులను చూపించుకునే వారిలో మేము తరచుగా చూస్తుంటాం.

ఈ గొలుసులో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మూత్రపిండాల సంగతి. టెల్మిసార్టాన్ వంటి బీపీ మందు, నీరు తీసే మందు, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర, ఈ మూడూ విడివిడిగా వాడినప్పటి కంటే ఒకేసారి పడినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందే ఒత్తిడి పడిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. మీరు నీరు తీసే మందులే రెండు వాడుతున్నారు, ఎందుకంటే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఆ పనే చేస్తుంది. క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు వడపోసి బయటికి పంపవలసిన వ్యర్థం, అది 1.3 అంటే చూడడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ మీ వయసు స్త్రీకి ఆ అంకె నుంచి లెక్క కడితే మూత్రపిండాల వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 48 మిల్లీలీటర్లు వస్తుంది. మూడు నెలలకు మించి 60 కంటే తక్కువగా ఉంటే దానిని దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బుగానే పరిగణిస్తాం. అందుచేత "ఫర్వాలేదు" అన్న మాటతో సరిపెట్టుకోకండి. మీ పాత రిపోర్టులు వెతికి, గత రెండు మూడేళ్ళలో క్రియాటినిన్ ఎంతెంత ఉందో వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క అంకె కంటే ఆ వరుసే వైద్యుడికి ఎక్కువ చెబుతుంది.

మీది కంచిలి మండలం కావడం వల్ల ఇంకొక జాగ్రత్త అవసరం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస వైపు ఉద్దానం పల్లెల్లో షుగరు గాని, బీపీ గాని లేని వారికి సైతం మూత్రపిండాలు పాడవుతున్న సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. దాని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందువల్ల మీ క్రియాటినిన్ పెరుగుదలను షుగరు ఖాతాలోనో, నొప్పి మాత్ర ఖాతాలోనో వేసేసి ఊరుకోకూడదు. దీనిని విడదీయడానికి రెండు సులువైన ఆధారాలున్నాయి. షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు సాధారణంగా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతుంది, కంటి రెటీనాలో కూడా షుగరు గుర్తులు కనిపిస్తాయి. ఉద్దానం జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. కాబట్టి మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష, కనుపాపలు పెద్దవి చేసి రెటీనా పరీక్ష, ఒక అల్ట్రాసౌండ్ చేయించుకుంటే దారి చాలావరకు తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం మూత్రపిండాల నిపుణుణ్ణి కలవడం మంచిదే. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, దానికి అనుబంధంగా ఉన్న 200 పడకల ఆసుపత్రి మీకు దగ్గర.

ఇక థైరాయిడ్. టీఎస్‌హెచ్ అన్నది ఒంట్లో థైరాయిడ్ హార్మోను తక్కువైతే పెరిగే, ఎక్కువైతే తగ్గే అంకె. మోతాదు మూడుసార్లు పెంచినా అది దిగకపోతే, మోతాదు చాలలేదని అనుకోవడానికి ముందు మాత్ర పేగుల నుంచి రక్తంలోకి వెళుతోందా అని అడగాలి. థైరాక్సిన్ ఇంకటం కడుపులోని ఆమ్లం మీద ఆధారపడుతుంది, మీరు ఆ ఆమ్లాన్ని తగ్గించే మాత్రతో కలిపే దానిని మింగుతున్నారు. వెంటనే టీ, కాసేపటికి కాల్షియం, ఐరన్ కూడా పడుతున్నాయి, ఇవి కూడా దానిని పట్టి ఉంచి ఇంకనివ్వవు. ఇక్కడ మీరు ఎవరి అనుమతీ లేకుండా రేపటి నుంచే మార్చుకోగలిగినది వేళ ఒక్కటే. లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్రను ఒంటరిగా మంచినీళ్ళతో వేసుకోండి, టీ, టిఫిను కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తీసుకోండి, కాల్షియంను మధ్యాహ్న భోజనం తరువాతకు, ఐరన్‌ను రాత్రికి జరపండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్ళీ చేయించడం మాత్రం మరిచిపోవద్దు, ఎందుకంటే ఇంతకాలం ఇంకని 125 ఇప్పుడు పూర్తిగా ఇంకితే మీకు ఎక్కువైపోవచ్చు. అప్పుడు గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపిస్తాయి. ఈ లోపల అవి మొదలైతే వారాలు లెక్కపెట్టకుండా వెంటనే పరీక్షించుకోండి.

అరికాళ్ళ మంటలకు షుగరే కారణం కావచ్చు, పన్నెండేళ్ళ షుగరులో అది వింత కాదు. అయితే మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు, ఎక్కువ మోతాదులో వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గిపోతుంది. ఈ లోపం పదిమందిలో ఒకరి వరకు రావచ్చని 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించింది కూడా. గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వాడడం ఆ లోపాన్ని ఇంకా పెంచుతుంది. బీ12 లోపం వల్ల వచ్చే మంటలూ తిమ్మిర్లూ షుగరు వల్ల వచ్చే వాటిలాగే ఉంటాయి. తేడా ఏమిటంటే సకాలంలో కనిపెడితే బీ12 లోపం సరిదిద్దగలిగినది, ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. మీరు చేపలు, గుడ్లు తింటున్నా సరే, ఈ పరీక్ష చేయించుకోండి. చేయించే ముందు మందుల షాపులో బీ కాంప్లెక్స్ కొని వాడకండి, ఫలితం తారుమారవుతుంది.

హిమోగ్లోబిన్ 9.4 అన్న అంకె దగ్గర నేను ఇంకా కొంచెం ఆగుతాను. నెలసరి ఆగిపోయిన వయసులో రక్తం తగ్గితే ఐరన్ మాత్ర ఇచ్చి పంపడం సరిపోదు, రక్తం ఎక్కడికి పోతోందో వెతకాలి. అయిదేళ్ళు నొప్పి మాత్ర వాడిన మీకు కడుపులో పుండు నుంచి కొంచెం కొంచెంగా రక్తం కారుతూ ఉండవచ్చు. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తోందా అన్నది గమనించండి. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది గనుక రంగు ఒక్కదాన్ని చూసి భయపడనవసరం లేదు, నిర్లక్ష్యం చేయనూ కూడదు. పూర్తి రక్తపరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష), బీ12 చూశాక ఎండోస్కోపీ, పెద్దపేగు పరీక్ష అవసరమా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు. మూత్రపిండాలు బలహీనపడినా రక్తం తగ్గుతుంది. పైగా రక్తహీనత ఉన్నప్పుడు మూడు నెలల సగటు షుగరు అంకె నమ్మదగినది కాదు. ఐరన్ లోపంలో అది ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది, కొన్ని రకాల రక్తహీనతలో తక్కువగా చూపిస్తుంది.

ఆ సంగతి మీ సాయంత్రపు చెమటలతో కలిపి చూడండి. గ్లిమిపిరైడ్ వాడేవారిలో మూత్రపిండాల శక్తి తగ్గేకొద్దీ ఆ మందు ప్రభావం ఎక్కువసేపు నిలిచి షుగరు పడిపోతుంది. వణుకు వచ్చిన వేళ గ్లూకోమీటరుతో చూసుకుని రాసి పెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు గాని, పంచదార గాని నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట తరువాత మళ్ళీ చూసుకోండి. పరికరం అందుబాటులో లేకపోతే ముందు పంచదార నీళ్ళు తాగండి, లెక్క తరువాత చూసుకోవచ్చు. ఇలా ఒకటి రెండు సార్లు తేలితే వారం ఆగకుండా షుగరు డాక్టరు గారికి చెప్పి ఆ మాత్ర మోతాదు మార్పించుకోండి. మెట్‌ఫార్మిన్ కూడా వడపోత 45 కంటే దిగితే తగ్గించవలసినది, 30 కంటే దిగితే ఆపవలసినది.

ఇంత రాశాక మీకు తోచే ప్రశ్న నాకు తెలుసు: మరి ఇప్పుడు ఏవి ఆపాలి? సొంతంగా ఆపగలిగినది ఎసిక్లోఫెనాక్ ఒక్కటే, దానిని ఇవాళే ఆపండి. నొప్పి భరించలేనప్పుడు పారాసిటమాల్ 650 రోజుకు మూడింటికి మించకుండా వేసుకోవచ్చు. దానితోపాటు తొడ ముందరి కండరాలను బలపరిచే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి, అరిగిన మోకాలికి దానిని మించిన మందు నాకు తెలియదు. తక్కిన మాత్రలు దేనినీ మీ అంతట మీరు ఆపకండి. గ్యాస్ మాత్ర ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై తిరగబెడుతుంది, ప్రిగాబలిన్ క్రమంగానే తగ్గించాలి, బీపీ మందుల సంగతి చెప్పనే అక్కరలేదు. నొప్పి మాత్ర ఆపాక బీపీ దానంతట అది దిగవచ్చు, అందుకని రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం బీపీ చూసుకుని, ఒకసారి కూర్చుని, ఒకసారి లేచి నిలబడిన రెండు మూడు నిమిషాలకు చూసుకుని రెండూ రాయండి. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వంటివి వచ్చిన రోజున టెల్మిసార్టాన్, నీరు తీసే మాత్రలు, మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా వద్దా అన్నది ముందే అడిగి తెలుసుకుని ఉంచుకోండి, మీ ప్రాంతపు ఎండల్లో ఇది చాలా ముఖ్యం.

వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫైలు కంటే ముందు ఒక చేతిసంచి సిద్ధం చేసుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర అట్ట, పొడి, కషాయం, తైలం, ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన సూదిమందు చీటీ, అన్నీ అందులో వేయండి. మోకాళ్ళకని నాటువైద్యం వాడి ఉంటే సంకోచించకుండా చెప్పండి. పేరు లేని పొడులలో కొన్నిటిలో స్టెరాయిడ్లు, పాదరసం, సీసం దొరికిన సందర్భాలున్నాయి. ఒక్క కాగితం మీద ఏ సంవత్సరం ఏ జబ్బు, ఏ మందు, ఏ ఇబ్బంది మొదలైందో వరుసగా రాయండి, ఈ ఉత్తరంలో మీరు ఆ పని సగం చేసేశారు. గదిలోకి వెళ్ళగానే "నాకు షుగరు, బీపీ ఉన్నాయి" అని మొదలుపెట్టకండి, "ఈ పన్నెండులో ఏవి నాకు అవసరం, ఏవి ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి, వీటన్నిటి బాధ్యత ఇకమీదట మీరు తీసుకోగలరా" అని అడగండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి గాని, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి గాని, జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్ళవచ్చు. అక్కడ రద్దీ ఎక్కువే అయినా అవసరమైన విభాగాలన్నీ ఒకే ఆవరణలో ఉండడం మీకు కలిసి వస్తుంది. మీతో ఇంట్లో చదువుకున్న వారు ఎవరైనా ఒకరు వచ్చి, చెప్పినవి రాసుకుంటే మేలు. ఛాతీ నొప్పి, పడుకుంటే ఆయాసం, మూత్రం బాగా తగ్గడం, తారులాంటి మలం, మాటలో తడబాటు, వీటిలో ఏది వచ్చినా ఈ ఏర్పాట్లన్నిటికోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: నా వయసు 29. కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. మూడేళ్ళుగా విపరీతమైన అలసట, ఉదయం గంటసేపు వేళ్ళు బిగుసుకుపోవడం, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం, ఎండకు వెళితే బుగ్గలు ఎర్రబడటం ఉన్నాయి. చర్మం, పళ్ళు, ఎముకల డాక్టర్లను చూపించుకున్నాను. పరీక్షల్లో రక్తం తక్కువని తప్ప ఏమీ లేదని, టెన్షన్ అని, పెళ్ళయితే తగ్గిపోతుందని అన్నారు. ఈ మధ్య పాదాలు వాస్తున్నాయి, మూత్రంలో నురగ వస్తోంది. ఏఎన్ఏ అనే పరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే నాకు లూపస్ ఉన్నట్టేనా?

జవాబు: ముందు చివరి వాక్యాల సంగతి. పాదాల వాపు, మూత్రంలో నురగ రెండూ కలిసి వచ్చాయంటే వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. ఈ వారంలోనే మూత్ర పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి, క్రియాటినిన్ చేయించుకుని, బీపీ చూపించుకోండి. లూపస్ అంటే మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు. అది మూత్రపిండాలను తాకినప్పుడు నొప్పి ఉండదు, అందుకే అది మాటున ముదురుతుంది.

ఏఎన్ఏ అన్నది సొంత కణాల మీదే తయారైన యాంటీబాడీలను వెతికే పరీక్ష, అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ అని కాదు. పూర్తి ఆరోగ్యవంతులలో కూడా తక్కువ స్థాయిలో పాజిటివ్ రావడం సాధారణమే. కానీ మీ విషయంలో ఆ పరీక్ష ఒంటరిగా లేదు. కీళ్ళ బిగుతు, నోటి పుండ్లు, ఎండకు వచ్చే ఎర్రదనం, జుట్టు రాలడం, రక్తహీనత, ఒక్కొక్కటి ఒక్కో డాక్టరు గారి గదిలో వినిపించాయి గనుక ఎవరికీ పెద్దగా అనిపించలేదు. అన్నీ ఒకే చోట చెప్పవలసింది కీళ్ళవాత నిపుణులకు, అంటే రుమటాలజిస్టుకు. హైదరాబాదు నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. వారు యాంటీ డీఎస్‌డీఎన్ఏ, సీ3, సీ4 అనే రక్తపరీక్షలు చూసి, అవసరమైతే మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి నిర్ణయిస్తారు. ఈ లోపల నొప్పులకని ఎవరైనా స్టెరాయిడ్ సూది వేస్తామంటే ఒప్పుకోకండి, అది లక్షణాలను కప్పివేసి నిర్ధారణను ఇంకా వెనక్కి నెడుతుంది.

"పెళ్ళయితే తగ్గుతుంది" అన్న మాట విని నాకు బాధ కలిగింది. లూపస్ వచ్చేవారిలో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే, అదీ ఎక్కువగా పిల్లలు పుట్టే వయసులో ఉన్నవారే. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు గర్భం తల్లికీ బిడ్డకూ ప్రమాదం. పెళ్ళి మీ ఇష్టం, అది వైద్యం కాదు. ఒకవేళ లూపస్ అని తేలినా, సకాలంలో మందులు మొదలుపెట్టి, జబ్బు సద్దుమణిగాక వైద్యుల సలహాతో పిల్లలను కని, ఉద్యోగాలు చేసుకుంటున్న స్త్రీలు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటాను. గుంటూరులో ఉన్న మా అమ్మ గారికి (63) షుగరు, థైరాయిడ్ లోపం ఉన్నాయి. జుట్టు రాలుతోందంటే ఇక్కడి నుంచి విటమిన్ మాత్రలు పంపాను. ఇప్పుడు టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోను) ఎక్కువగా వచ్చిందని థైరాయిడ్ మాత్ర సగానికి తగ్గించారు. కానీ ఆమెకు నీరసం, చలి ఇంకా పెరిగాయి. ఎందుకు?

జవాబు: మీరు పంపిన సీసా మీద బయోటిన్ (ఒక రకం బీ విటమిన్) ఎంత ఉందో చూడండి. జుట్టుకు, గోళ్ళకు అమ్మే మాత్రలలో 5,000, 10,000 మైక్రోగ్రాములు కూడా ఉంటుంది, రోజుకు శరీరానికి కావలసింది 30 మైక్రోగ్రాములే. చాలా ప్రయోగశాలలు వాడే పరీక్షా విధానంలో బయోటిన్ జోక్యం చేసుకుని, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షలో కూడా ఇలాంటి పొరపాటు జరగవచ్చని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీ అమ్మ గారి ఒంట్లో థైరాయిడ్ ఎక్కువై ఉండకపోవచ్చు, కాగితం మీద మాత్రమే ఎక్కువైనట్టు కనబడి ఉండవచ్చు. ఆమె నీరసం, చలి ఈ అనుమానానికి బలం ఇస్తున్నాయి.

బయోటిన్ ఆపించి, కనీసం రెండు మూడు రోజులు, మోతాదు ఎక్కువైతే వారం ఆగి, అదే ప్రయోగశాలలో టీఎస్‌హెచ్, టీ4 మళ్ళీ చేయించమనండి. ఆ ఫలితం, ఆ సీసా ఫోటో రెండూ అక్కడి డాక్టరు గారికి చూపించాకే మోతాదు మార్పించండి, ఫోనులో మీరు చెప్పి మార్పించవద్దు. జుట్టు రాలడానికి థైరాయిడ్ అదుపులో లేకపోవడం, ఐరన్ తగ్గడం తరచుగా కనిపించే కారణాలు కాబట్టి అదే సూదితో ఫెరిటిన్ కూడా చూడమనండి. ఇకమీదట ఇక్కడికి ఏ సీసా పంపినా, దాని పేరు అమ్మ గారి మందుల కాగితంలో రాయించండి.